నర్సింగ్ డాక్టరేట్లలో, నాయకత్వంలో వైవిధ్యం పెంచడం ఎలా?

చాలా నర్సింగ్ కళాశాలల్లో ఒక గోడ ఉంటుంది. ఇప్పటిదాకా పనిచేసిన డీన్ల ఫోటోలు దాని మీద వరసగా వేలాడుతుంటాయి. ఒకసారి ఆ గోడ ముందు నిలబడి చూడండి. తర్వాత అదే భవనంలో డిగ్రీ మొదటి సంవత్సరం తరగతి గదిలోకి తొంగిచూడండి. అక్కడినుంచి ఆసుపత్రికి వెళ్లి, రాత్రి డ్యూటీలో ఎవరెవరు ఉన్నారో చూడండి. ఈ మూడు చోట్లా కనిపించే ముఖాలకు పొంతన లేకపోతే మీ చేతిలో పని ఉన్నట్టే.

అమెరికాలోని నర్సింగ్ కళాశాలల్లో, ఆసుపత్రుల్లో కొంతైనా నిర్ణయాధికారం ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. మీరు పీహెచ్‌డీ విభాగాన్ని నడుపుతూ ఉండవచ్చు, నర్సింగ్ డైరెక్టర్ కావచ్చు, ఏదో ఒక ఎంపిక కమిటీలో ఒక్క కుర్చీ మాత్రమే మీది కావచ్చు. ఆ ఒక్క కుర్చీతోనూ చేయగలిగినవి చాలా ఉన్నాయి.

వైవిధ్యం అనగానే అందరి చూపూ అడ్మిషన్ల మీదికి పోతుంది. నా అనుభవంలో అడ్మిషన్ ఈ మొత్తం వ్యవహారంలో తేలికైన భాగం. గేటు దగ్గర ఆగిపోయేవారు ఉన్నారు, కాదనను. కానీ లోపలికి వచ్చాక మెట్ల మలుపుల్లో చడీచప్పుడు లేకుండా జారిపోయేవారి గురించి ఎవరూ లెక్క రాయరు. అందుకే గేటు గురించి తక్కువ చెప్పి, మలుపుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

1. ముందు లెక్క తీయండి

పోస్టర్లు అచ్చువేయించకముందే, కమిటీ వేయకముందే ఒక కాగితం తీసుకోండి. గడచిన ఐదేళ్లలో మీ డాక్టరేట్ కోర్సులోని ఒక్కో దశకు ఒక్కో గడి గీయండి. ఆరా తీసినవారు, దరఖాస్తు చేసినవారు, ఇంటర్వ్యూకు పిలుపు అందుకున్నవారు, సీటు వచ్చినవారు, సీటు వచ్చి నిజంగా చేరినవారు, తరగతులు పూర్తిచేసినవారు, అర్హత పరీక్ష దాటినవారు, థీసిస్ సమర్పించినవారు, చివరగా ఏడాదిలోపు అధ్యాపక ఉద్యోగంలోనో నాయకత్వ పదవిలోనో చేరినవారు. ప్రతి గడిలోనూ జాతి, స్త్రీలా పురుషులా, కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి తరమా, నర్సింగ్ చదువు వేరే దేశంలో పూర్తిచేశారా అన్న వివరాలు విడివిడిగా రాయండి.

పీహెచ్‌డీ లెక్కనూ డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్) లెక్కనూ కలపకండి. పీహెచ్‌డీ పరిశోధనకు, డీఎన్‌పీ ప్రాక్టీసుకు. 2004లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్ డీఎన్‌పీకి ఆమోదం తెలిపాక ఆ డిగ్రీ ఎంత వేగంగా పెరిగిందంటే, ఇప్పుడు అందులో చదివేవారు పీహెచ్‌డీ చదివేవారికి ఎన్నో రెట్లు ఉన్నారు. పరిశోధన నిధులు, ప్రొఫెసర్ పదవులు ఎక్కువగా పీహెచ్‌డీ దారిలో వస్తాయి. ఆసుపత్రిలో పైస్థాయి పదవుల దారి ఎక్కువగా డీఎన్‌పీది. రెండింటినీ కలిపేసి ‘మా డాక్టరేట్లలో వైవిధ్యం బాగానే ఉంది’ అని నివేదిక రాస్తే, పరిశోధన వైపున్న ఖాళీ ఆ అంకెల చాటున దాక్కుంటుంది.

ఉదాహరణకు మీ కాగితం మీద ఇలా తేలిందనుకోండి. ఐదేళ్లలో పదకొండు మంది నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) నర్సులు చేరారు. తొమ్మిది మంది తరగతులు పూర్తిచేశారు. థీసిస్ సమర్పించింది ముగ్గురు. ఇలాంటి చోట కొత్త బ్రోషర్ వేయించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. చిల్లు ఎక్కడుందో కాగితమే చెబుతోంది కదా.

మనుషులు మరీ తక్కువగా ఉన్న గడులను బయటి నివేదికల్లో పెట్టకండి. ఒక్కరే మూలవాసీ విద్యార్థిని ఉన్నచోట ‘మూలవాసులు: 1, అర్హత పరీక్ష తప్పినవారు: 1’ అని అచ్చువేస్తే అది గణాంకం కాదు, ఆమెను పదిమందిలో వేలెత్తి చూపడం.

దేశం మొత్తం మీద చూస్తే, 2022లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం రిజిస్టర్డ్ నర్సుల్లో పదికి ఎనిమిది మంది తెల్లజాతివారు. పురుషులు సుమారు 11 శాతం. మీ కాగితం పక్కన ఈ రెండు అంకెలూ రాసిపెట్టుకోండి, పోల్చుకోవడానికి పనికొస్తాయి.

2. ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో తెలుసుకోండి

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసులో తీర్పు చెప్పింది. సీటు ఇచ్చేటప్పుడు అభ్యర్థి జాతిని జాతిగా పరిగణించకూడదన్నది దాని సారాంశం. అయితే జాతి తన జీవితం మీద చూపిన ప్రభావం గురించి అభ్యర్థి స్వయంగా రాస్తే, అందులో కనిపించే ధైర్యాన్నో పట్టుదలనో గుర్తించడానికి అదే తీర్పు అవకాశం ఉంచింది. టెక్సస్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యక్రమాల మీద సొంత చట్టాలు తెచ్చాయి. 2025 జనవరిలో వెలువడ్డ అధ్యక్ష ఉత్తర్వుల తర్వాత ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే సంస్థలు మరింత జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది.

ఈ భయంతో కొందరు పనే మానేశారు. అది తప్పు. ఈ వ్యాసంలో చెప్పే పనుల్లో ఎక్కువ భాగం అందరికీ వర్తించేవే: దరఖాస్తు చదివే పద్ధతి మార్చడం, ఫీజుల తీరు మార్చడం, గైడుల బాధ్యతను కాగితం మీద పెట్టడం. ఏ పథకమైనా మొదలుపెట్టే ముందు మీ సంస్థ న్యాయవాదికి మూడు ప్రశ్నలు రాసి పంపండి. ఇది ఎవరికి తెరిచి ఉంది? ఏ ప్రమాణంతో ఎంపిక చేస్తున్నాం? డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ‘వద్దంటారేమో’ అని అడగకుండానే మానేయడం కంటే అడిగి తెలుసుకోవడం నయం.

3. పేరుపెట్టి పిలవండి

‘దరఖాస్తులే రావడం లేదు, మేమేం చేస్తాం?’ అన్న మాట నేను ఎన్నో సమావేశాల్లో విన్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మేబుల్ స్టాపర్స్ గుర్తొస్తారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె నల్లజాతి నర్సుల జాతీయ సంఘానికి సారథి. 1908లో పుట్టిన సంఘం అది. 1945 జనవరిలో నర్సులు చాలడం లేదని, నిర్బంధంగానైనా సైన్యంలోకి తీసుకోవాలని ప్రభుత్వం ఆలోచిస్తోంది. అదే సమయంలో శిక్షణ పూర్తిచేసిన నల్లజాతి నర్సులు వేలమంది ఉన్నా సైన్యం తీసుకున్నది కొన్ని వందలమందిని మాత్రమే. అంత కొరత ఉంటే వీళ్లను ఎందుకు తీసుకోవడం లేదని స్టాపర్స్ బహిరంగంగా నిలదీశారు. ఆ నెల తిరగకముందే సైన్యం తలుపులు తెరిచింది. మనుషులు అప్పటికీ ఉన్నారు, పిలుపే లేదు.

నర్సులు డాక్టరేట్ వైపు ఆలస్యంగా వస్తారు. ఏళ్ల తరబడి వార్డుల్లో పనిచేసి, మాస్టర్స్ చేసి, నలభైకి అటూ ఇటూగా ఆ ఆలోచన చేస్తారు. అప్పటికి ఇంట్లో పిల్లలు, అప్పులు, వృద్ధులైన తల్లిదండ్రులు. ఆ వయసులో ఆమెను కదిలించేది వెబ్‌సైటు ప్రకటన కాదు. తన పని చూసినవారు ఎవరో ఒకరు ‘మీరు చేయగలరు’ అని ముఖాముఖి చెప్పాలి. కుటుంబంలో ప్రొఫెసర్లు ఉన్నవారికి ఆ మాట భోజనాల దగ్గరే దొరుకుతుంది. మిగిలినవారికి మీరే చెప్పాలి.

ఆ పిలుపు ఎలా ఉండాలంటే, సుమారుగా ఇలా: ‘గత ఏడాది మీ వార్డులో పడకపుళ్లు తగ్గించడానికి మీరు చేసిన మార్పుల గురించి విన్నాను. ఏ గంటకు ఎవరిని పక్కకు తిప్పాలో మీరు రాసుకున్న పట్టిక చూశాను. అది పరిశోధన ప్రశ్నే, మీరు దానికి ఆ పేరు పెట్టలేదు అంతే. మా పీహెచ్‌డీలో ఇలాంటి విషయం మీద పనిచేసే ఇద్దరు అధ్యాపకులు ఉన్నారు. మంగళవారం గానీ గురువారం గానీ మీ షిఫ్టు అయ్యాక అరగంట మాట్లాడదామా?’ ఇందులో పొగడ్త ఎంత తక్కువగా ఉందో, ఆమె చేసిన పని ఎంత స్పష్టంగా ఉందో గమనించండి. ‘మీలాంటి నేపథ్యం ఉన్నవారు మాకు కావాలి’ అని మాత్రం రాయకండి. అది చదివిన మనిషికి తన బుర్ర కాదు, తన ముఖమే వీళ్లకు కావాలని అర్థమవుతుంది.

పిలవాల్సినవారు ఎక్కడ దొరుకుతారంటే, నేషనల్ బ్లాక్ నర్సెస్ అసోసియేషన్ 1971లో, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ హిస్పానిక్ నర్సెస్ 1975లో, అమెరికాలోని ఫిలిప్పీన్స్ నర్సుల సంఘం 1979లో ఏర్పడ్డాయి. పురుష నర్సులకూ మూలవాసీ నర్సులకూ సంఘాలున్నాయి. వాటి వార్షిక సభలకు ఒకసారి వెళ్లి, స్టాలు పెట్టుకుని, పెన్నులు పంచి వచ్చేస్తే ఉపయోగం లేదు. వరసగా మూడేళ్లు ఒకే మనిషిని పంపండి. హాంప్టన్ విశ్వవిద్యాలయం లాంటి, చారిత్రకంగా నల్లజాతివారి కోసం ఏర్పడ్డ విద్యాసంస్థలతో ఒప్పందాలు చేసుకునేటప్పుడు, వారి విద్యార్థులను మీ దగ్గరికి లాక్కోవడంతో ఆగకుండా, వారి అధ్యాపకులను మీ థీసిస్ కమిటీల్లో కూర్చోబెట్టండి.

4. దరఖాస్తు చదివే కళ్లు మార్చండి

పై చదువుల ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈ మార్కులు అడుగుతున్నారా? చాలా నర్సింగ్ కళాశాలలు దాన్ని ఎత్తేశాయి. పదిహేనేళ్ల క్రితం కాలేజీ వదిలిన నర్సు రేఖాగణితం గుర్తు తెచ్చుకుంటే మంచి పరిశోధకురాలు అవుతుందని నేనైతే నమ్మను. మీ దగ్గర ఇంకా ఉంటే, ఆ మార్కులకూ థీసిస్ పూర్తిచేయడానికీ మీ పాత విద్యార్థుల్లో ఏమైనా సంబంధం కనిపించిందేమో చూసి నిర్ణయించండి.

దరఖాస్తులు తెరవకముందే కొలమానం రాసుకోండి. అనుభవం, గుణాలు, మార్కులు అని మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి ఎంత బరువు ఇవ్వాలో కమిటీ అంతా ముందే ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఇద్దరు విడివిడిగా చదివి, మాట్లాడుకోకుండా అంకెలు వేయాలి. ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస.

ఇప్పుడు సిఫారసు లేఖల సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి. ఇద్దరు అభ్యర్థులకు వచ్చిన లేఖలు పక్కపక్కన పెట్టామనుకోండి. మొదటిది ఇలా ఉంది: ‘చాలా కష్టపడే మనిషి. అందరితో కలిసిపోతుంది. ఎప్పుడు పిలిచినా అదనపు షిఫ్టుకు వస్తుంది. ఫిర్యాదు అన్నది ఎరగదు.’ రెండోది: ‘ఇతను అడిగే ప్రశ్నలు మమ్మల్ని ఆలోచింపజేస్తాయి. నొప్పి అంచనా పద్ధతిలో లోపాన్ని మొదట పట్టింది ఇతనే. రేపు ఈ రంగానికి నాయకుడు అవుతాడు.’ రెండూ పొగడ్తలే. కానీ మొదటి లేఖ ఒక మంచి పనిమంతురాలిని చూపిస్తోంది, రెండోది ఒక పరిశోధకుడిని. ఇప్పుడు మొదటి అభ్యర్థి దరఖాస్తులో మూడో పేజీ తిప్పండి. వార్డులో ఇన్‌సులిన్ మోతాదు పొరపాట్లు తగ్గించడానికి ఆమె తయారుచేసిన చెక్‌లిస్టును ఆసుపత్రి మొత్తం వాడుతోందని ఆమే రాసుకుంది. లేఖ రాసిన మేనేజరుకు అది కనిపించలేదు. ఆయనకు గుర్తున్నది అదనపు షిఫ్టులే.

అందుకే లేఖ అడిగేటప్పుడు ఖాళీ కాగితం ఇవ్వకండి. ప్రశ్నలు ఇవ్వండి: ఈ అభ్యర్థి స్వయంగా గుర్తించి పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి. మీతో విభేదించిన సందర్భం ఒకటి చెప్పండి, ఎలా విభేదించారు? అప్పుడు అందరి గురించీ ఒకే రకం సమాచారం చేతికొస్తుంది. పేరున్న ప్రొఫెసర్ సంతకానికి ఉండే అదనపు బరువు కూడా దీంతో కొంత తగ్గుతుంది.

5. డబ్బు గురించి సిగ్గుపడకుండా మాట్లాడండి

పూర్తిస్థాయి పీహెచ్‌డీలో చేరే నర్సు తన జీతంలో పెద్ద భాగాన్ని వదులుకుంటుంది. భర్తకో తల్లిదండ్రులకో ఆస్తి ఉన్నవారికి ఇది కొన్నేళ్ల ఇబ్బంది. నెలనెలా ఊరికి డబ్బు పంపాల్సిన వలస నర్సుకు ఇదే అడ్డుగోడ. ఫీజు మాఫీ ఒక్కటే సరిపోదు, ఆరోగ్య బీమా, నెలవారీ భత్యం కలిపి లెక్క చూపించండి. సీటు ఇచ్చిన ఉత్తరంలోనే ఏ ఏడాదికి ఎంత, ఎప్పటిదాకా అన్నది రాసి ఇవ్వండి.

ఫెడరల్ నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రామ్ కింద అప్పు తీసుకుని చదివి, నాలుగేళ్లు పూర్తికాలం అధ్యాపకులుగా పనిచేస్తే అప్పులో 85 శాతం దాకా రద్దవుతుంది. కానీ విద్యార్థి నేరుగా వెళ్లి తెచ్చుకోలేరు, కళాశాల అందులో చేరి ఉండాలి. మీది చేరిందో లేదో ఇవాళే ఆర్థిక సహాయ విభాగాన్ని అడగండి. 1974లో మొదలైన అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ మైనారిటీ ఫెలోషిప్ మానసిక ఆరోగ్య రంగంలో ఎందరినో డాక్టరేట్ దాకా తీసుకొచ్చింది. ఇలాంటి పథకాల నిధులు ఏడాదికో తీరుగా మారుతుంటాయి కాబట్టి ఏటా కొత్త జాబితా తయారుచేసే బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగించండి.

చిన్నదే కానీ చాలామందిని దెబ్బతీసే సంగతి ఇంకొకటుంది. సదస్సుకు వెళ్లాలంటే విమానం టికెట్, హోటల్, రిజిస్ట్రేషన్ ముందు మీ కార్డు మీద పెట్టండి, వచ్చాక బిల్లులు ఇస్తే కొన్ని వారాల్లో తిరిగి ఇస్తాం అంటాయి కళాశాలలు. ఒక విద్యార్థిని ఇదే కారణంగా తన మొదటి పరిశోధన పత్రాన్ని ఉపసంహరించుకోవడం నేను కళ్లారా చూశాను. కార్డులో అంత పరిమితి లేదని గైడుకు చెప్పడానికి ఆమెకు మొహం చెల్లలేదు. ‘ఇంట్లో పని’ అని చెప్పింది. టికెట్లు కళాశాలే నేరుగా కొనేలా నిబంధన మార్చండి. ఖర్చు అంతే, ఇచ్చే రోజు మాత్రమే మారుతుంది.

తరగతుల వేళలు కూడా డబ్బు లెక్కే. పన్నెండు గంటల షిఫ్టులు చేసేవారికి వారంలో మూడు మధ్యాహ్నాలు చెల్లాచెదురుగా తరగతులు పెడితే ఉద్యోగం మానాల్సిందే. ఒకే రోజులో పెట్టండి, సెమిస్టరుకు ముందే తేదీలు ఇవ్వండి. ఆసుపత్రిలో మీ మాట చెల్లితే, ఆ రోజు డ్యూటీ పడకుండా చూసే హామీ వార్డు మేనేజరు నుంచి తీసుకోండి.

6. గైడు సంబంధాన్ని కాగితం మీద పెట్టండి

ఎక్కువమంది జారిపోయే మలుపు ఇదే. తరగతులు ఉన్నంతకాలం తోటివారు ఉంటారు, గడువులు ఉంటాయి. థీసిస్ మొదలయ్యాక మిగిలేది విద్యార్థి, కంప్యూటర్, జవాబివ్వని గైడు. తన ఇంటి నుంచి ఇంతదూరం వచ్చిన మొదటి మనిషికి, గైడుకు రెండోసారి గుర్తుచేస్తూ మెయిల్ పెట్టవచ్చా, పెడితే తప్పుగా అనుకుంటారా అన్నది కూడా తెలియదు. అలా నెలలు గడిచిపోతాయి.

కాబట్టి చేరిన మొదటి నెలలోనే ఒక పేజీ ఒప్పందం రాసుకునేలా చేయండి. రెండు వారాలకోసారి సమావేశం. పంపిన అధ్యాయానికి రెండు వారాల్లోపు వ్యాఖ్యలు. ప్రచురించే వ్యాసాల్లో ఎవరి పేరు ముందుండాలో పని మొదలుకాకముందే నిర్ణయం. గైడును మార్చుకోవాలంటే ఎవరిని కలవాలి, అలా మార్చుకున్నందుకు భత్యం ఆగదన్న హామీ. ఒప్పందం విద్యార్థులందరికీ ఒకటే. తెలిసినవారికి దీనివల్ల కొత్తగా ఒరిగేదేమీ లేదు, తెలియనివారికి మాత్రం ఇదే ఆధారం.

పరిశోధన అంశం దగ్గర ఒక ఉచ్చు ఉంటుంది. నల్లజాతి తల్లుల ప్రసవ మరణాల మీదనో, వలస నర్సుల పని పరిస్థితుల మీదనో పనిచేస్తానన్న విద్యార్థికి ‘అది మరీ సొంత విషయం అవుతుందేమో, కాస్త విశాలమైనది చూసుకోకూడదా’ అని సలహా వస్తుంది. గుండెపోటు తర్వాత కోలుకోవడం మీద పనిచేస్తానన్న విద్యార్థి తండ్రికి గుండెపోటు వచ్చిందా అని మాత్రం ఎవరూ అడగరు. మీ గైడుల సమావేశంలో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన చదివి వినిపించండి.

గైడు సలహా ఇస్తారు. దానికి తోడు విద్యార్థి లేని గదిలో ఆమె పేరు ఎత్తే మనిషి కావాలి: ‘ఆ సంపాదకవర్గంలో ఖాళీ ఉందా? మా విద్యార్థిని ఒకామె ఉంది, ఆ విషయం మీద గట్టి పట్టు.’ ఈ రెండు పనులూ ఒకరే చేయాలని లేదు. ప్రతి విద్యార్థికీ రెండో మనిషి ఎవరో రాసిపెట్టండి.

వీలైతే ఒక్కరినే చేర్చుకుని ఒంటరిని చేయకండి. ఒకే ఏడాదిలో అలాంటి నేపథ్యం ఉన్నవారు ఇద్దరు ముగ్గురు లేకపోతే, పక్క విశ్వవిద్యాలయాల వారితో కలిపి నెలకోసారి రాత సమావేశాలు పెట్టండి. కెమెరా ఆన్ చేసుకుని, ఎవరి పని వారు రెండు గంటలు మౌనంగా రాసుకోవడమే. వినడానికి సిల్లీగా ఉంటుంది కానీ, ఆగిపోయిన థీసిస్‌లు కదిలింది అక్కడేనని చాలామంది చెప్పారు నాకు.

7. కనిపించని పనికి లెక్క కట్టండి

కళాశాలలో నల్లజాతి అధ్యాపకురాలు ఒక్కరే ఉంటే ఏమవుతుంది? వైవిధ్య కమిటీలో ఆవిడ, బ్రోషర్ ఫోటోలో ఆవిడ, ప్రతి ఎంపిక సంఘంలో ఆవిడ, ఏడుస్తూ వచ్చే ప్రతి విద్యార్థికీ ఆవిడ గది. ఆరేళ్ల తర్వాత పదోన్నతి కాగితాలు వచ్చినప్పుడు ‘ప్రచురణలు తక్కువగా ఉన్నాయి’ అంటారు. ఆ ప్రచురణల సమయాన్ని తిన్నది సంస్థే.

ప్రతి అధ్యాపకుడికీ ఎన్ని కమిటీలు, ఎందరు విద్యార్థులు అన్న పట్టిక తయారుచేసి విభాగంలో అందరికీ కనిపించేలా పెట్టండి. సగటును మించినవారికి ఒక కోర్సు బోధన తగ్గించండి. కొత్త కమిటీకి ఆమెను పిలిచినప్పుడు ‘కుదరదు’ అనే భారం ఆమె మీద వేయకండి. ఆ మాట విభాగాధిపతి చెప్పాలి.

8. నాయకత్వం ఎక్కడ మొలకెత్తుతుందో అక్కడ చూడండి

చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ పదవి ఖాళీ అయ్యాక వైవిధ్యం గురించి ఆలోచిస్తే ఆలస్యమైపోయినట్టే. నాయకత్వం మొదలయ్యేది చాలా కింద: మేనేజరు సెలవులో వెళ్లినప్పుడు మూడు వారాలు ఇన్‌చార్జిగా ఎవరిని ఉంచారు? బడ్జెట్ సమావేశానికి ఎవరిని వెంట తీసుకెళ్లారు? తనిఖీ బృందం వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడించారు? వీటికి ప్రకటన ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు, మేనేజరు నోటికి మొదట వచ్చిన పేరే ఖాయం. రెండేళ్ల తర్వాత అసలు పదవికి ఇంటర్వ్యూ జరిగితే ‘అనుభవం’ ఆ పేరుకే ఉంటుంది. ఈ తాత్కాలిక అవకాశాలన్నింటినీ వార్డు నోటీసు బోర్డు మీద పెట్టి, ఆసక్తి ఉన్నవారి పేర్లు తీసుకుని, వంతులవారీగా ఇవ్వండి. పైసా ఖర్చు లేని పని. ఈ వ్యాసంలో ఒక్కటే చేయగలనంటే ఇదే చేయమంటాను.

ఎంపిక సంఘాల్లో వినిపించే ‘మనతో కలిసిపోతారా?’ అన్న ప్రశ్నను గదిలోంచి తీసేయండి. దాని బదులు ‘ఈ ఉద్యోగంలో మొదటి ఏడాది చేయాల్సిన మూడు పనుల్లో దేన్ని ఇంతకుముందు చేశారు?’ అని అడగండి. ఉచ్చారణ గురించి ఎవరైనా మాట్లాడితే, పదేళ్లుగా అదే ఉచ్చారణతో ఆమె డాక్టర్లకు అర్ధరాత్రి ఫోను చేసి రోగి పరిస్థితి వివరిస్తోందని గుర్తుచేయండి.

పురుషుల విషయంలో మాత్రం తొందరపడి లెక్కలు వేయకండి. నర్సింగ్‌లో వారు తక్కువే. కానీ తక్కువగా ఉండటం, వెనకబడి ఉండటం ఒకటి కాదు. 1992లో సామాజికశాస్త్రవేత్త క్రిస్టీన్ విలియమ్స్ ‘గాజు ఎస్కలేటర్’ అనే మాట వాడారు: స్త్రీలు ఎక్కువగా ఉండే వృత్తుల్లో పురుషులు పైకి త్వరగా వెళ్తారని. 2009లో అడియా హార్వీ వింగ్‌ఫీల్డ్ నల్లజాతి పురుష నర్సులను పరిశీలించి, ఆ ఎస్కలేటర్ వారిని ఎక్కించుకోదని చూపించారు. అమెరికన్ నర్సెస్ అసోసియేషన్‌కు ఎన్నికైన మొదటి పురుష అధ్యక్షుడు ఎర్నెస్ట్ గ్రాంట్, పీహెచ్‌డీ చేసిన నల్లజాతి నర్సు, ఆ పదవిలోకి వచ్చేసరికి 2019 అయింది. అందుకే మీ మొదటి కాగితంలో జాతి, జెండర్ గడులను కలిపి కూడా చూడాలి.

పదవి ఇచ్చాక మునిగే పడవను చేతికివ్వకండి. నర్సులు వెళ్లిపోతున్న, బడ్జెట్ కోసేసిన విభాగానికి ‘మొట్టమొదటి’ నాయకురాలిగా ఒకరిని కూర్చోబెట్టి, ఏడాదికి ఫలితాలు రాలేదనడం నేను ఒకటికి మూడు చోట్ల చూశాను. నియామకానికి ముందే సిబ్బంది, నిధులు, గడువు ఎంతో ఆమె చేతికి రాసి ఇవ్వండి.

9. ‘ప్రమాణాలు పడిపోవా?’ అన్నవారితో

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. కోపం తెచ్చుకోకండి. చరిత్ర చెప్పండి, తర్వాత కాగితం చూపించండి. మేరీ ఎలైజా మహోనీ 1879లో శిక్షణ పూర్తిచేసి అమెరికాలో వృత్తి శిక్షణ పొందిన మొదటి నల్లజాతి నర్సు అయ్యారు. ఎస్టెల్ మాసీ ఆస్బోర్న్ నర్సింగ్‌లో మాస్టర్స్ పొందిన మొదటి నల్లజాతి నర్సు అయ్యేసరికి 1931. ఎలిజబెత్ లిప్‌ఫర్డ్ కెంట్ పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతి నర్సు అయ్యేసరికి 1955. డిప్లొమాకూ డాక్టరేట్‌కూ మధ్య 76 ఏళ్లు. ఇన్నేళ్లూ ప్రతిభ లేకపోవడం వల్ల పట్టాయా? 2022లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ తన గత జాతివివక్షకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది కూడా.

ఆ తర్వాత అడగండి: మనం మార్చిన వాటిలో ఏది ప్రమాణం తగ్గించింది? ముందే రాసుకున్న కొలమానమా? రెండు వారాల్లో వ్యాఖ్యలు ఇవ్వాలన్న నిబంధనా? నోటీసు బోర్డు మీద పెట్టిన ఇన్‌చార్జి బాధ్యతా? ఈ ప్రశ్నలకు నాకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

10. వెళ్లిపోయినవారికి ఫోను చేయండి

ఏడాదికోసారి ఆ మొదటి కాగితాన్ని మళ్లీ నింపండి. అంకెలతో ఆగకండి. మధ్యలో ఆపేసిన విద్యార్థులకు, రాజీనామా చేసిన అధ్యాపకులకు, మేనేజరు పదవి వదిలి మళ్లీ వార్డుకు వెళ్లిపోయిన నర్సులకు ఫోను చేయండి. వారిని అంచనా వేసే స్థానంలో ఎప్పుడూ లేని మనిషి చేస్తే మంచిది. వెళ్లిపోయి కనీసం ఆరు నెలలైనా గడవనివ్వండి. అప్పటికి భయం కొంత తగ్గుతుంది.

పెద్ద ప్రశ్నావళి వద్దు. ‘ఇక్కడ ఉండలేనని మొట్టమొదట ఎప్పుడు అనిపించింది?’ అని అడిగి, మీరు మౌనంగా ఉండండి. జవాబు సాధారణంగా ఒక రోజు, ఒక గది, ఒక మాట రూపంలో వస్తుంది. ‘అర్హత పరీక్ష అయ్యాక కారిడార్‌లో ఆయన అన్న మాట’ అంటారు. ‘జులైలో భత్యం రాలేదు, ఎవరిని అడగాలో తెలియలేదు’ అంటారు. ఆ మాటను అలాగే, సరిదిద్దకుండా, పేరు లేకుండా, మీ కాగితం మీద ఏ గడిలో ఆమె కనిపించకుండా పోయిందో ఆ గడి పక్కన రాయండి. వచ్చే ఏడాది పని అక్కడినుంచి మొదలుపెట్టండి.